వేరు లేని చిగురు

చదువవలసిన భాగములు: మత్తయి 13:3–6, 20, 21, 2 తిమోతికి 1:5, 6

వసారాలో కుండీలయందు గులాబీలు పెంచువారు కొమ్మను నాటు విధమెరుగుదురు. మరీ లేతది, మరీ ముదురుది కాని కొమ్మను జానెడు పొడవున, కణుపునకు దిగువగా కోయుదురు. క్రింది ఆకులు తీసివేసి, రెండు కణుపులు ఇసుక కలిపిన మట్టిలోనుండునట్లు నాటి, కుండీని నీడలో ఉంచుదురు. కొన్ని దినములకు పై కణుపున ఎఱ్ఱని చిగురు కనబడును. పిల్లలు చూచి సంతోషింతురు. తోటపని తెలిసినవారు మాత్రము ఇంకను కనిపెట్టుదురు. ఏలయనగా ఆ చిగురు పలుమారు వేరు పుట్టకమునుపే వచ్చును. తల్లిమొక్కయొద్ద నుండగా కొమ్మలో చేరిన ఆహారమే దానిని కొన్నాళ్లు పోషించును. ఆ నిలువ తీరకమునుపు వేరు పుట్టినయెడల కొమ్మ మొక్కయగును. లేనియెడల చిగురుతోకూడ ఎండిపోవును.

క్రైస్తవ గృహములో పెరిగినవారు ఈ సంగతిని ఆలోచింపవలెను. తల్లి కన్నీటి ప్రార్థన, కుటుంబ ఆరాధన, ఆదివారపు బడిలో కంఠస్థము చేసిన వాక్యములు అమూల్యమైన నిలువ. కుమారుడు ఉద్యోగముకొరకు దూరపట్టణమునకు వెళ్లిన తరువాతను కొంతకాలము ఆ బలముచేతనే ఆలయమునకు పోవును, కీర్తనలు పాడును. అయితే తల్లి మరణించిన దినమున, లేక అన్యాయపు సొమ్ము చేతికందిన దినమున, అతడు దేనివలన నిలుచును?

తిమోతి అవ్వయైన లోయిలోను తల్లియైన యునీకేలోను ఉండిన విశ్వాసమును పౌలు ఆనందముతో జ్ఞాపకము చేసికొనెను. గాని అంతటితో ఆగక, తిమోతిలోని కృపావరమును తిమోతియే ప్రజ్వలింపజేయవలెనని హెచ్చరించెను. పెద్దల విశ్వాసము తృణీకరింపదగినది కాదు. అది లేనియెడల వేరు పుట్టువరకు కొమ్మ నిలువజాలదు. అయినను అది వేరునకు బదులు కానేరదు.

తలిదండ్రులారా, కొమ్మను దినదినము పెరికి చూచువాడు లేతవేళ్లను తెంచును. నీరు మితిమీరి పోయువాడు దానిని కుళ్లజేయును. బిడ్డను ప్రశ్నలతో వేధింపక, ప్రార్థన అను నీడలో ఉంచి ఓర్పుతో కనిపెట్టుడి.

యౌవనస్థుడా, ఇతరులు చూచి మెచ్చుకొనునది చిగురునే. వేరు ఎవరును చూడనిచోట పుట్టును. నేటి రాత్రి గది తలుపు వేసికొని, తల్లి నేర్పిన మాటలతో గాక నీ స్వంత మాటలతో రహస్యమందున్న తండ్రికి మొరపెట్టుము.

ప్రార్థన: ప్రభువా, పరుల విశ్వాసముచేత పచ్చగానున్న ప్రతివానికి నీయందు వేరుపారు కృప దయచేయుము. ఆమేన్.