ఏ నేరానికి ఈ శిక్ష?

1958లో హెన్రీ కింగ్ దర్శకత్వంలో వచ్చిన "ది బ్రవాడోస్" కౌబాయ్ చిత్రమే అయినా మనల్ని ఒక ధర్మసందేహంలో పడేస్తుంది. తన భార్యను చంపారని నమ్మి, కథానాయకుడు (గ్రెగరీ పెక్) నలుగురు బందిపోట్లను వేటాడతాడు. చేతికి చిక్కినవాడికి ఆమె ఫొటో చూపిస్తాడు. ఎన్నడూ చూడలేదని మొత్తుకున్నా వినడు. ముగ్గురు చచ్చాక, నాలుగోవాడి ఇంట్లో నిజం బయటపడుతుంది. హంతకుడు తన పొరుగువాడే!

ఆ నలుగురూ మరో నేరానికి ఉరిశిక్ష పడి, జైలునుంచి పారిపోయినవారే గదా, చస్తే నష్టమేమిటని మనలో కొందరు అనవచ్చు. సినిమాలో ఊరివారూ అలాగే అనుకుని అతనికి జేజేలు పలికారు. కాని చెడ్డవాడు చావడమే న్యాయం కాదు. చేసిన నేరానికి, చెప్పుకున్నది విన్న తర్వాత, శిక్ష పడాలి. పగబట్టినవాడు తీర్పు ముందే రాసుకుని ఆ తర్వాత ప్రశ్న వేస్తాడు. అందుకే ఎదుటివాడి నిజం అతనికి బొంకులా వినిపిస్తుంది.

అతడు మాత్రం మతగురువు ఎదుట తన తప్పు ఒప్పుకున్నాడు. లోకం మెచ్చిన పనికైనా మనస్సాక్షికి సంజాయిషీ చెప్పుకోవలసిందేనా? చెప్పుకోవలసిందేనని మా అభిప్రాయం.