ఉంగరాల జుట్టు: స్వభావం, సంస్కారం

పుట్టుకతో వచ్చిన రూపాన్ని ఉన్నదున్నట్టు ఉంచుకోవడం ధర్మమా, దిద్దుకోవడం ధర్మమా అన్న ప్రశ్న ఉంగరాల జుట్టున్నవారికి రోజూ దువ్వెన పట్టినప్పుడల్లా ఎదురయ్యేదే. ఓరుగల్లు సీమ శైవంలో దీనికి పాత మూలాలున్నాయి. మహబూబాబాద్ జిల్లా కురవిలో కొలువైన వీరభద్రుడు, దక్షయజ్ఞ గాథ ప్రకారం, శివుడు పెరికి నేలకు కొట్టిన జటలోంచి పుట్టినవాడు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దగ్గర ప్రాణహితను కలుపుకొనే గోదావరి, గౌతముడి తపస్సుకు మెచ్చి శివుడు జటలోంచి విడిచిన గంగ అని పురాణం. ఋగ్వేదం రుద్రుణ్ణి కపర్ది అని, అంటే గవ్వలా చుట్టిన కేశాలున్నవాడని పిలిచింది. మెలితిరిగిన జుట్టును లోపమనుకునే చూపు ఈ సంప్రదాయానిది కాదు.

అయినా జటలోంచి పుట్టిన ఆ దేవుడికే భక్తులు తలనీలాలు ఇస్తారు, బిడ్డల పుట్టువెంట్రుకలు తీయిస్తారు. చూడాకరణమనే ఈ కర్మ 16 సంస్కారాల్లో ఒకటి. సంస్కారమంటే ఉన్నదాన్ని శుద్ధిచేసి యోగ్యం చేయడం. తీసిన జుట్టు మళ్లీ తన తీరునే మొలుస్తుంది గనుక ఇక్కడ స్వభావానికి, అంటే వస్తువుకు సహజమైన తీరుకు, భంగం లేదు.

స్వభావానికి, సంస్కారానికి ఉన్న ఈ తేడాను వెంట్రుక నిర్మాణమే చూపిస్తుంది. ఉంగరాల వెంట్రుక మొలిచే కుదురే చర్మం లోపల వంపు తిరిగి ఉంటుంది, మాడులో ఊరే చమురు ఆ మెలికల వెంట కొసదాకా జారలేదు, అందుకే కొసలు ఎండి ఒకదానికొకటి చిక్కుకుంటాయి. పొడి జుట్టును కుదుళ్ల నుంచి కిందికి లాగితే తెగుతుంది. తడిపి, నూనె రాసి, పాయలుగా విడదీసి, ఎడం పళ్ల దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి కొద్దికొద్దిగా పైకి వస్తే చిక్కు విడుతుంది. వేడితోనో మందులతోనో సాపు చేసినా పెరిగిన వెంట్రుకే మారుతుంది గానీ కుదురు మారదు, కొత్తగా వచ్చేది మళ్లీ వంపుతోనే వస్తుంది. ముచ్చటపడి సాపు చేయించుకుంటే తప్పేమీ లేదు. తన తల తనకే సిగ్గనిపించి చేయించుకుంటేనే బాధపడవలసిన సంగతి.

దేహమే దేవాలయమన్నది వీరశైవుల భావన. ద్విపదలో బసవ పురాణం రాసిన పాల్కురికి సోమనాథుడి ఊరు జనగామ జిల్లాలోని పాలకుర్తి. ఆ సీమవారికి ఈ మాట కొత్త కాదు. దేహం గుడి అయినప్పుడు ఓపికగా తల చిక్కు తీసుకోవడాన్ని విలాసమని తీసిపారేయడం సరికాదు, అది గుడి ఊడ్చినంత పని.

ఎదుటి కొసన మరో పొరపాటుంది. దువ్వక అట్టకట్టిన జుట్టును అమ్మవారు ఇచ్చిన జడలని నమ్మి, కత్తెర తగిలితే కీడని భయపడి, ఆడపిల్లలను ఆ బరువుతో, పేలతో, మెడనొప్పితో ఏళ్ల తరబడి ఉంచే ఇళ్లున్నాయి. యోగి తెలిసి పెంచుకున్న జట వేరు, పట్టించుకునేవారు లేక పసిదాని తలలో పడిన ముడి వేరు. రెండింటినీ ఒకటిగా మొక్కడం భక్తి కాదు, ఆ బిడ్డపట్ల చేసే అన్యాయం. భయం తీరడానికి దారి కూడా సంప్రదాయంలోనే ఉంది: కురవిలోనో కాళేశ్వరంలోనో ఆ జడను తలనీలాలుగా సమర్పిస్తే దేవత ఇచ్చిందనుకున్నది దేవతకే చేరుతుంది, బిడ్డ తలకు కొత్త జుట్టు మొలుస్తుంది.