కొండ దాచే నీరు

అల్లాహ్ తగుపాళ్లలో వాన కురిపించి నీటిని భూమిలో నిలిపాడని, దాన్ని తీసుకుపోవడమూ ఆయనకు సాధ్యమేనని దివ్యఖుర్ఆన్ (అల్ మోమినూన్: 18) హెచ్చరిస్తోంది. మన నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి, సువర్ణముఖి, వేగావతులను కలుపుకొని, శ్రీకాకుళం దాటి సముద్రం చేరుతుంది. కొండపై అడవి ఉంటే వాన నేలలో ఇంకి, వేసవిలో ఊటగా గెడ్డల్లోకి వస్తుంది. కొండ బోడి అయితే మట్టిని కోసుకుంటూ ఒక్కసారిగా దిగిపోతుంది. ఆపైన ఇసుకే మిగులుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు పక్కనున్న వంశధార ఉప్పొంగింది. అంతటి వరదను అడవి ఆపలేదు, నిజమే. అయినా ఉన్న అడవినీ నరికితే అల్లాహ్ అమానతుకు ద్రోహం చేసినట్లే. మనం నాటిన చెట్టు ఫలం పక్షి తిన్నా అది దానమేనని దైవప్రవక్త (స) బోధించారు. ఈ తొలకరికి మనమూ ఒక మొక్క నాటుదాం.