బర్రె బాగుందన్న మాట

1996లో నేను ధర్మాబాద్ వైపు ఒక బ్రాంచిలో ఫీల్డ్ ఆఫీసరుని. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద మన తెలుగు ముసలమ్మ ఒకామెకు అప్పు మీద బర్రెను ఇప్పించాం. కొన్నాళ్ళకు లబ్ధిదారుల మాటలు రికార్డు చేసి ప్రసారం చేస్తామని కొందరు వచ్చారు. అప్పటికి బర్రె గొంతువాపుతో చచ్చి రెండు నెలలైంది. దాని చెవిబిళ్ళ నా సొరుగులోనే ఉంది. ఆమె నన్ను పక్కకు పిలిచి, "ఏమని చెప్పాలె సారూ?" అంది. "బర్రె బాగుందని చెప్పమ్మా" అన్నాను. ఆమె అట్లాగే చెప్పింది. అట్లా చెప్పించమని నాకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు.

ప్రజల సొమ్ముతో నడిచే రేడియో, టీవీ అభివృద్ధి గురించి చెప్పాలా, ప్రభుత్వానికి దూరంగా నిలబడాలా అన్న చర్చ వచ్చినప్పుడల్లా నాకు ఆ ముసలమ్మే గుర్తొస్తుంది.

పేద దేశంలో రాజకీయ రచ్చ కంటే విత్తనం, టీకా, బడి ముఖ్యం అనేవారి మాటను నేను తీసిపారేయను. 1956లో పుణే కేంద్రంగా 150 గ్రామాల్లో రేడియో రైతు మండళ్ళు నడిచాయి. రైతులు విని ఊరుకోలేదు. చర్చించి, తమ ప్రశ్నలు తిరిగి కేంద్రానికి రాశారు. 1975 ఆగస్టు 1న ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2400 గ్రామాలకు టీవీ పాఠాలు మొదలయ్యాయి. వాటిలో తెలుగు పల్లెలూ ఉన్నాయి. గొప్ప ప్రయత్నమే. కాని ఎమర్జెన్సీ వచ్చి అప్పటికి ఐదు వారాలు. పల్లెకు పాఠం చెప్పిన ఆ గొంతే జైళ్ళ సంగతి మింగేసింది.

మా బ్యాంకుల్లో ఒక నియమం ఉంది. వోచరు రాసినవాడే దాన్ని పాస్ చేయకూడదు. అప్పు ఇచ్చినవాడే ఆడిట్ చేయకూడదు. అతను దొంగ అని కాదు. ఎంత మంచివాడికైనా తన పని బాగున్నట్టే కనిపిస్తుంది. పథకం పెట్టినవారి చేతిలోనే పథకం మీద వార్త కూడా ఉంటే జరిగేది అదే.

ఈ సంగతి పెద్దలకు తెలియంది కాదు. వర్గీస్ కమిటీ 1978లోనే స్వతంత్ర ట్రస్టు కావాలంది. ప్రసార భారతి చట్టం 1990లో వచ్చి, 1997లో గాని అమలు కాలేదు. ఈలోగా 1995లో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చినవారిలో మన తెలుగువారు జస్టిస్ జీవన్‌రెడ్డి ఒకరు. అయినా డబ్బు నేటికీ ప్రధానంగా కేంద్ర ప్రభుత్వం నుంచే రావాలి. పోనీ ప్రైవేటు చానెళ్ళా? వాటికి ప్రకటనలిచ్చేవాడే యజమాని. 2008లో జహీరాబాద్ దగ్గర మాచునూరులో దళిత స్త్రీలు సంగం రేడియో పెట్టుకున్నారు. తమ విత్తనాల గురించి తమ నోటితోనే చెప్పుకున్నారు. కాని సామాజిక రేడియోలో వార్తలు, రాజకీయాలు ఉండరాదని 2006 మార్గదర్శకాలు ముందే గీత గీశాయి.

చట్టం మారాలి. అయితే ఆరోజు ఎంత మంచి చట్టమున్నా నన్ను ఆపేది కాదు. నా లక్ష్యం పూర్తయిందన్న కాగితమే నాకు ముఖ్యమైంది. స్వాతంత్ర్యం సంస్థకు ఎంత అవసరమో, మైకు ముందు కూర్చున్నవాడికీ, పక్కన నిలబడ్డ నాబోటివాడికీ అంతే అవసరం.

ఇంకొక సంగతి నాకు చాలా ఆలస్యంగా తట్టింది. బర్రె గొంతువాపుతో చచ్చిందని ఆమె చెప్పి ఉంటే, విన్న పల్లెల్లో నలుగురైనా వానలకు ముందే టీకా వేయించేవారు. అసలైన అభివృద్ధి వార్త అదే. దాన్ని ఆపింది నేను.

ఆ ఖాతా ఎన్నడో మూసేశాం. బీమా సొమ్ము కూడా వచ్చింది. ఆమెకు మాత్రం నేను క్షమాపణ చెప్పలేదు.