శ్రోతకు జవాబుందా?

ఏళ్ల తరబడి నడిచే రేడియో నాటకం వినేవాడి మనసును విశాలం చేస్తుందా, లేక తన బతుకు గురించి తాను ఆలోచించే శ్రమ తప్పించి జోకొడుతుందా? ఇది కేవలం కాలక్షేపానికి సంబంధించిన ప్రశ్న అని నేననుకోను. ఒకరి తరఫున మరొకరు మాట్లాడే హక్కు ఎక్కడినుంచి వస్తుందనేదే ఇందులోని నైతిక సమస్య.

ఈ సమస్యను కొస దాకా ఊహించి చూపిన వైజ్ఞానిక కల్పన ఒకటుంది. అమెరికన్ రచయిత రే బ్రాడ్‌బరీ 1953లో ప్రచురించిన 'ఫారెన్‌హీట్ 451'లో పుస్తకాలు నిషిద్ధం. కథానాయకుడి భార్య మిల్డ్రెడ్ చెవుల్లో రాత్రిళ్లు చిన్న రేడియోలు మోగుతుంటాయి. పగలు ఆమె గది గోడలమీద నాటకం నడుస్తుంది. ఆ నాటకంలోని మనుషులే తన కుటుంబమంటుందామె. నాటకం పంపేవాళ్లు ఆమెకూ ఒక పాత్ర ఇస్తారు. గోడమీది మనుషులు తనవైపు తిరిగినప్పుడు, ముందే రాసి పంపిన మాట ఆమె చదవాలి. ఆ మాట ఎప్పుడూ అంగీకారమే. కాదనే మాట ఆమె కాగితంలో లేనే లేదు.

ఇది కల్పన కదా అని కొందరనవచ్చు. వాస్తవం చూద్దాం. బీబీసీలో 'ది ఆర్చర్స్' 1951 జనవరి 1న దేశమంతటికీ ప్రసారం కావటం మొదలైంది. ఇప్పటికీ నడుస్తూనే ఉంది. యుద్ధానంతరం తిండికి రేషన్ ఉన్న రోజులవి. రైతులకు కొత్త సేద్య పద్ధతులు కథగా చెప్పి పంట పెంచటం దాని మొదటి ఉద్దేశం. 1955 సెప్టెంబరు 22న, లండన్‌లో వాణిజ్య టెలివిజన్ ప్రారంభమైన రాత్రే, ఆ నాటకంలో గ్రేస్ ఆర్చర్ అనే యువతి చనిపోయింది. లేని మనిషి కోసం ఎందరో శ్రోతలు నిజంగా దుఃఖించారు.

ఆ దుఃఖాన్ని వెక్కిరించేవారితో నేను ఏకీభవించను. ఎన్నడూ చూడని మనిషి కోసం కంటతడి పెట్టగలగటం మానవుడి గొప్పగుణం. అది లేకపోతే నవల లేదు. దూరదేశపు కార్మికుడిమీద సానుభూతి కూడా లేదు. కాని దుఃఖం శ్రోతలదైతే మరణముహూర్తం పెట్టినవారు వేరు. ఈ అసమానతను గుర్తించాలి.

మన దగ్గరికి వద్దాం. హైదరాబాదు రేడియో కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం అనే పాత్రలు ఏళ్ల తరబడి మాట్లాడాయి. దానికి నాటకమని పేరు లేకపోయినా పాత్రలున్నాయి, సంభాషణ ఉంది, రేపటికోసం ఎదురుచూపు ఉంది. చదువురాని కూలీకి సైతం అర్థమయ్యే ఇంటిభాషను రేడియోకెక్కించటం చిన్న విషయం కాదు. అయినా కూలిరేటు గురించి చిన్నక్క ఏమనాలో నిర్ణయించేది కార్మికుడు కాదు. ఆకాశవాణి ప్రభుత్వానిది. పాత్ర ఎంత ఆత్మీయమైనదైతే ఈ సంగతి అంత సులభంగా మరుగున పడుతుంది.

అయితే రేడియో స్వభావమే అంతా? కాదు. 1956లో పూనా ప్రాంతంలో ఒక ప్రయోగం జరిగింది. ఐదు జిల్లాల్లో 150 గ్రామాలవాళ్లు గుంపులుగా కూచుని ఇరవై ప్రసారాలు విన్నారు. విన్నది చర్చించారు. తమ సందేహాలను కేంద్రానికి తిరిగి పంపారు. అక్కడా విషయం ఎంచినవారు అధికారులే. అయినా మాటకు తిరుగుదారి ఏర్పడింది. గోడ ముందు ఒంటరిగా కూచున్న మిల్డ్రెడ్‌కు లేనిది ఈ దారీ, పక్కన కూచున్న మనిషీ.

నేను నిజామాబాదులో కూచుని ఇది రాస్తున్నాను గనక బోధన్ సంగతి చెప్పక తప్పదు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీటితో చెరకు పండింది. 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. 2002లో కర్మాగారం ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి గానుగ ఆపేశారు. ఈ కథలో చెరకు రైతుకూ, కార్మికుడికీ దక్కిన కాగితం మిల్డ్రెడ్ కాగితం లాంటిదే: నిర్ణయం ముందే రాసి ఉంది. కాని వాళ్లు ఆ కాగితం చదివి ఊరుకోలేదు. అందులో లేని 'కాదు' అనే మాటను ఆందోళనల్లో అన్నారు. గెలిచారా అంటే గెలవలేదు. అయినా ఆ మాట అనటం వాళ్లకు ఏ ప్రసారమూ నేర్పలేదు. సంఘంలోనూ, పనిచోటా, టీకొట్టు దగ్గరా ఒకరితో ఒకరు మాట్లాడుకుని నేర్చుకున్నారు.

కనక ప్రజలపక్షాన మంచి పాత్రలు సృష్టించినంత మాత్రాన రచయిత బాధ్యత తీరదు. ప్రజల తరఫున మాట్లాడే హక్కు వాళ్ల జవాబు వినేవాడికే ఉంటుంది. ఒక రచన మంచిచెడ్డలు తేల్చటానికి నేనడిగే ప్రశ్న ఒక్కటే: వినేవాడు కాదంటే ఆ మాట ఎక్కడికైనా చేరుతుందా?

బ్రాడ్‌బరీ ఊహించిన చెవి రేడియోలు ఇవాళ మన విద్యార్థులందరి చెవుల్లోనూ ఉన్నాయి. వాటిని పారెయ్యమనటం తెలివితక్కువ. విన్న తర్వాత అవి తీసి పక్కవాడితో వాదించటం, జవాబు రాసి పంపటం, అవసరమైతే మన నాటకం మనమే రాసుకోవటం మాత్రం మన చేతిలో పని. అది మానేసిననాడు మన కోసం ఎవరో రాసిన అంగీకారాన్ని మన గొంతుతోనే చదువుతాం.