తండ్రి ఋణము - బిడ్డ కాయకము

శివశరణ బంధువులారా, శరణు శరణార్థులు.

మనము ఒకరికొకరము ఎదురుపడినప్పుడు పలుకు ఈ మాట వెనుక ఒక కథ కలదు. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున హరళయ్య యను శరణుడు పాదరక్షలు కుట్టి జీవించుచుండెను. ఒకనాడు దారిలో బసవేశ్వరుడు ఎదురుకాగా ఆయన చేతులు జోడించి ‘శరణు’ అనెను. బిజ్జలుని కొలువులో గొప్ప పదవిలో నున్న బసవన్న ‘శరణు శరణార్థి’ యని రెట్టింపుగా బదులు పలికెను. హరళయ్య గుండె బరువెక్కెను. ఒక్క శరణునకు రెండు శరణులా! ఈ ఋణము తీర్చుట ఎట్లని తలపోసి, దంపతులిద్దరును తమ తొడ చర్మముతోనే చెప్పులు కుట్టి తెచ్చిరి. బసవన్న వానిని కాళ్లకు తొడుగుకొనలేదు. తొడుగుటకు తాను తగనని చెప్పి తలపై నుంచుకొనెను.

ఈ కథలో ఒక విశేషమును గమనింపుడు. ఇచట ఇద్దరును తామే ఋణస్థులమని భావించిరి. చెమటోడ్చువాడు అధికారికి ఋణపడితి ననెను. అధికారి చెమటోడ్చువానికి ఋణపడితి ననెను. లోకములో నడచు లెక్క దీనికి తలక్రిందులు. అచట పని చేయువాడొక్కడే ఎల్లప్పుడును బాకీదారు. పని చేయించుకొనువాడు ఎన్నడును బాకీదారు కాడు. ఖాతా పుస్తకము ఎవరి చేతిలో నుండునో, ఋణము వారికి ఎదుటివాని ముఖముననే కనబడును.

రొళ్ల, అగళి, అమరాపురము, మడకశిర ప్రాంతముల మనము తెలుగును కన్నడమును కలిపి మాటలాడువారము. ‘జీతము’ అను మాటను మనము రెండు విధముల వినియున్నాము. తెలుగున అది పనికి వచ్చు ప్రతిఫలము. సరిహద్దు దాటి కన్నడమున ‘జీత’ అన్నచో కట్టుబానిసతనము. అప్పుకు బదులుగా మనిషి తన కాయమునే కుదువబెట్టుట. కాని ఈ మాట పుట్టుక వేరు. జీవితము అను పదమునకు జీతము వికృతి యని పిల్లలకు బడిలో నేర్పుదురు. అనగా జీతమివ్వని వాడు డబ్బును మాత్రమే ఆపుట లేదు, ఎదుటివాని జీవితమును ఆపుచున్నాడు.

ఒక యింటిని తలచుకొందము. తాత కూతురి పెండ్లికి కొంత పైకము తీసికొని జీతమునకు కుదిరెను. ఏడాది గడచెను. తిండిగింజలకు కొంత, జ్వరము వచ్చి పనికి రాని దినములకు కొంత, వడ్డీకి కొంత ఖాతాలో చేరెను. అప్పు తరుగుటకు మారుగా పెరిగెను. తాతకు చేత కానప్పుడు తండ్రి వచ్చి పలుపు పట్టెను. తండ్రి నడుము వంగినప్పుడు పదేండ్ల మనుమడు పశువుల వెంట పోయెను. ఆ బాలుడు ఎవరి యొద్దను అప్పు అడుగలేదు, పైకమును కంటితో చూడలేదు, కాగితముపై వ్రేలిముద్ర వేయలేదు. అయినను పలక పట్టవలసిన చేత కర్ర పట్టెను. తాత పెండ్లి చేసిన ఆ కూతురికి మనుమలు కలిగిన పిదప కూడ ఆ పెండ్లి ఖర్చు తీరలేదు! ఇట్టి యిండ్లు మన సీమలో పెద్దలకు తెలియనివి కావు.

దేశము దీనిని నేరముగా గుర్తించినది. మన రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరి పద్ధతి రద్దు చట్టమును చేసి, 1975 అక్టోబరు 25 నుండియే అది అమలైనట్లు ప్రకటించెను. ఆ చట్టము చెప్పిన మాట మన చర్చకు ప్రాణము వంటిది. తాను తీసికొన్న బయానాకే గాక, తన పూర్వులు తీసికొన్న బయానాకు చేయు చాకిరియు, వారసత్వముగా సంక్రమించిన బాధ్యతకు చేయు చాకిరియు వెట్టియే. అట్టి అప్పు రద్దయినది; ఎవరును తీర్చనక్కర లేదు. వెట్టి చేయించినవారికి మూడేండ్ల వరకు కారాగారము, రెండు వేల రూపాయల వరకు జుల్మానా విధింపబడును. 1982లో ఢిల్లీ ఏషియాడు నిర్మాణ కూలీల వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసెను. కనీస వేతనమునకు తక్కువ యిచ్చి చేయించుకొను పనియు నిర్బంధ చాకిరియే యని తీర్పు చెప్పెను. ఆకలి పెట్టు బలవంతము కూడ బలవంతమే యని దాని సారము.

చట్టము చెప్పినది సరే. మన ధర్మమేమి చెప్పుచున్నది? బసవన్న మనకు రెండు కన్నులిచ్చెను. ఒకటి కాయకము, రెండవది దాసోహము. కాయకము లేని దాసోహము పరుల సొమ్ముతో చేయు దానము. దాసోహము లేని కాయకము కడుపు నింపుకొను పాటు మాత్రమే.

ఆయ్దక్కి మారయ్య దంపతుల కథ మన యిండ్లలో ప్రతి తల్లికిని తెలియును. బసవన్న ముంగిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము కన్న అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ సంతసింపలేదు. మనకు అక్కరకు మించినది మనది కాదు, తిరిగి అచటనే పోసి రమ్మని పంపెను. పేద యింటి యిల్లాలు పిడికెడు గింజలను వలదన్నది. నులియ చందయ్య త్రాళ్లు పేని అమ్మి జంగమార్చన చేయువాడు. తన త్రాటికి తగిన వెల కన్న హెచ్చు వచ్చినప్పుడు ఆయన దానిని అంగీకరింపలేదని చెప్పుదురు.

ఈ కథలను మనము సాధారణముగా పనివారికి చెప్పుచుందుము. ఆశపడకుడు, దొరికినదానితో తృప్తి చెందుడని బోధించుటకు వాడుకొందుము. ఇది కథను తలక్రిందులు చేయుట. తగిన దానికన్న ఎక్కువ తీసికొనుట లక్కమ్మకు తప్పయినచో, తగిన దానికన్న తక్కువ ఇచ్చుట యజమానికి తప్పు కాదా? ఆమె గింజలను కొలిచినట్లు మనము కూలిని కొలుచుచున్నామా? వక్కతోటలో చెట్టెక్కినవానికిని, ప్రొద్దుపోవువరకు కూర్చుండి వక్కలు ఒలిచిన స్త్రీకిని చెల్లవలసినది ఆపి, ఆ మిగులుతో జాత్రలో అన్నసంతర్పణ చేసినచో అది దాసోహమగునా? ఆ విస్తరిలోని అన్నము ఎవరిది? మఠములకును ఇదే ప్రశ్న. మఠపు మాన్యమును దున్నువానికి, వంటశాలలో పొగ మ్రింగువానికి వేళకు కూలి ముట్టిన పిదపనే గంట మ్రోగుట న్యాయము.

ఇచట కొందరు రైతు సోదరులు బాధతో అడుగుదురు. “వాన లేదు, బోరు ఎండినది, వేరుసెనగ చేతికి రాలేదు. మేమే అప్పులలో నుండగా న్యాయపు కూలి ఎట్లిచ్చెదము?” ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. కరవు సీమలో భూమి గలవాడును ధనికుడు కాడు. అయినను కరవు భారమును పంచుకొనుట వేరు, దానిని బలహీనుని నెత్తిపై దింపుట వేరు. పంట పోయిన ఏడు చిన్న పని చేయించి దానికి పూర్తి కూలి ఇయ్యవచ్చును. గడువు కావలసినచో ముందే చెప్పి అడుగవచ్చును. పని అయిన పిదప ‘చూతములే’ అనుట మాత్రము తగదు. బ్యాంకు మన తండ్రి అప్పును మన బిడ్డ కాయముతో తీర్పుమన్నచో మనకెట్లుండునో, జీతగాని బిడ్డకును అట్లే యుండును.

పాత జీతపు త్రాడు తెగినదని నిశ్చింత పడకుడు. అది పేరు మార్చుకొనినది. ఇటుక బట్టీకి పోవు కుటుంబము తీసికొను ‘అడ్వాన్సు’ లో అది కలదు. షావుకారు ఇచ్చిన బయానా తీరక మగ్గము విడువలేని నేతగాని యింటను కలదు. బెంగుళూరు కట్టడపు పనులకు బిడ్డలను వెంటబెట్టుకొని పోవు దంపతుల మూటలోను కలదు. ఉమ్మడి అనంతపురము జిల్లా బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. ఆ పనులలో స్త్రీ పురుషులకు ఒకటే కూలి యన్నప్పుడు మన పొలములలో అది వింతగా తోచెను. అనుభవమంటపమున అక్కమహాదేవికి ఆసనమిచ్చిన సంప్రదాయము మనది. మనకది వింత కారాదు.

హరళయ్య కథకు ముగింపు చెప్పవలసియున్నది. ఆయన కుమారునకు, బ్రాహ్మణ కులమున పుట్టి శరణుడైన మధువరసుని కుమార్తెకు పెండ్లి జరిగెను. దానిని సహింపని లోకము ఇద్దరు తండ్రులకును మరణదండన విధించెను. తండ్రులు బిడ్డలకు అప్పును మిగిల్చి పోలేదు. తమ ప్రాణములే వెచ్చించి సమానత్వమును మిగిల్చి పోయిరి. వారసత్వమనగా అది.

వైశాఖ శుద్ధ తదియ బసవ జయంతి. అదే అక్షయ తృతీయ. ఆనాడు బంగారము కొనుట లోకాచారమైనది. మనము వేరొక ఆచారమును మొదలిడుదము. ఆ ఉదయము లింగపూజ ముగిసిన పిదప ఇంటి ఖాతా పుస్తకమును తెరచి, పనివాని యెదుట చదివి వినిపింతము. నిలిచియున్న కూలిని చెల్లింతము. తండ్రి పేర వ్రాసియుండి కొడుకు చాకిరితో తీరుచున్న పద్దు ఏదైన కనబడినచో దానిని కొట్టివేయుదము. ఆ బాలుని చేయి పట్టి బడికి పంపుదము. అటుపై వానికి ఎదురుపడినప్పుడు మనము పలుకు ‘శరణు శరణార్థి’ కి అర్థముండును.

ఇష్టలింగము మన అరచేతిలో నుండును. కూలి యిచ్చునదియు ఆ చేయియే, ఆపునదియు ఆ చేయియే. ఆ చేతిని శుభ్రముగా నుంచుకొందుముగాక.

శరణు శరణార్థులు.