బాడుగలో కులం పాలెంత?

ఇంటి బాడుగ పెంచడమే తప్పని నేననను. సిమెంటు ధర పెరిగింది, మున్సిపాలిటీ పన్ను పెరిగింది. రెండు గదులు బాడుగకిచ్చి ఆ డబ్బుతోనే బతికే ముసలామె ఏడాదికింత పెంచితే తప్పు పట్టేదెట్ల? నేనడిగేది ఒకటే. అదే గది, అదే కొళాయి. ఉండే మనిషి కులం తెలిసినాక పెరిగిన రూపాయలను ఏమని పిలవాల?

ఆదోని పక్క పల్లెలో, మాదిగ గేరిలో మాదొక కొట్టం. బాడుగ అనే మాటే మాకు తెలీదు. నాయన ఆదోని పత్తి మార్కెట్లో హమాలీ. అమ్మ ఏటా సుగ్గికి గుంటూరు దిక్కు పోయేది. ఆ కూలితోనే మా ఇంట్లో మొదటి డిగ్రీ వచ్చింది. 2016లో టీచరునై ఎమ్మిగనూరులో ఇల్లు వెతికినాను. 'మీరేమోళ్లు సారూ?' అని సూటిగా అడిగినోళ్లు తక్కువ. ఇంటిపేరు అడుగుతారు. ఊర్లో మీ ఇల్లు ఏ పక్క అంటారు. చివరికి మూడు వేలకు ఒక వాటా దొరికింది. మూడో నెల అమ్మ వచ్చిపోయింది. ఆమె మాట, కట్టు చూసి వాళ్లకు అర్థమైంది. మరుసటి నెల నాలుగున్నర వేలన్నారు. పక్క వాటాయనకు మూడు వేలే. 'గిట్టకపోతే వేరే చూసుకోండి సార్' అన్నారు, మర్యాదగానే. ఖాళీ చేసినాను.

1917లో బరోడాలో ఉద్యోగానికి పోయిన అంబేద్కర్ పార్సీ పేరుతో సత్రంలో ఉండాల్సొచ్చింది. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టినారు. నా దగ్గరికి కర్ర రాలేదు, ఒక అంకె వచ్చింది.

అంటరానితనం పేరుతో ఎవర్నీ ఏ వీధిలోనూ కాపురముండకుండా అడ్డుకోరాదని 1955 పౌరహక్కుల చట్టం చెప్పింది. కానీ అడ్డుకున్నట్టు సాక్ష్యమేది? పెంచినామంటారు, అంతే. న్యాయమైన బాడుగ నిర్ణయించమని అడిగే హక్కు, కట్టినదానికి రశీదు తీసుకునే హక్కు 1960 అద్దె నియంత్రణ చట్టం ఇచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం ఒప్పందం రాతలో ఉండాలంది. మన కాపురాలేమో నోటిమాట మీద నడుస్తాయి. కాగితం అడిగితే ఇల్లే ఇయ్యరు. ఇంట్లో ఉన్నోడిని కాపాడే చట్టం గడప బయట నిలబడినోడిని ఎట్ల కాపాడుతుంది?

'నా ఇల్లు, నా ఇష్టం' అంటారు. తాముండే ఇంటికి ఆ మాట సరే. టు-లెట్ బోర్డు కట్టినాక అది బజారులో పెట్టిన సరుకు. అంగట్లో బియ్యం కులానికొక ధర చెప్తే ఊరుకుంటామా? ఆ గోడ కట్టిన కూలీలు, ఆ వీధి మురుగు తీసే మనుషులు ఎవరు? చేతులు పనికొచ్చిన చోట కాపురం పనికిరాదా?

ఈ ప్రశ్న మనల్ని కూడా అడుగుతుంది. మాల ఇంట్లో మాదిగకు వాటా దొరక్కపోయినా, మాదిగ ఇంట్లో డక్కలోళ్లకు దొరక్కపోయినా అదీ కులమే. దానికి వేరే పేరు లేదు.

ఆదోనికి, ఎమ్మిగనూరుకు చదువుకోను వచ్చే పిల్లలు రూముల కోసం ఇప్పుడు కూడా ఇంటిపేర్లు మింగుకుంటున్నారు. సంఘాలోళ్లు ధర్నాల్లో స్కాలర్‌షిప్పు అడుగుతున్నారు, హాస్టల్ అడుగుతున్నారు. బాడుగ కాగితం కూడా అడగాల. పక్క వాటాకెంత, మాకెంత అని లెక్క రాసిపెట్టాల. సర్కారు నాకిచ్చే ఇంటి అలవెన్సు కులం చూసి ఇయ్యదు. ఎక్కువడిగిన ఆ పదిహేను వందలు ఎవరికి కట్టే పన్ను?